మైనస్ రంగులు: ఎనిమిదో బిట్టు, ఉపగ్రహం, మా ఖమ్మం అడవి

జావాలో తెల్ల రంగు విలువ ఎంతో తెలుసా? మైనస్ ఒకటి. నమ్మకపోతే ఇప్పుడే రాసి చూడండి. కలర్ క్లాసులో ఉన్న వైట్ తీసుకుని, దాని ఆర్‌జీబీ విలువ ప్రింటు చేయించండి, -1 అని వస్తుంది. కారునలుపు అడిగితే -16777216 వస్తుంది. ఇలాంటివి ఇంటర్వ్యూల్లో అడిగి ఎదుటివాణ్ణి ఏడిపించే సీనియర్లు మనలో తక్కువేం లేరు కాబట్టి, మీలో సగం మందికి ఈ సంగతి ముందే తెలిసుంటుంది :) నాకు కావల్సింది ఆ పజిలు కాదు. అసలు రంగుకి మైనస్ ఎక్కణ్ణించి వచ్చింది, వచ్చి మా ఖమ్మం అడవి మీద ఎలా వాలింది అన్నది ఈ టపా సంగతి.

మాది పాత ఖమ్మం జిల్లా, పాల్వంచ దగ్గర. 2016 అక్టోబరు నుంచి మమ్మల్ని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంటున్నారు గానీ పెద్దవాళ్ళ నోట్లో ఇప్పటికీ ఖమ్మమే. ఇటు కిన్నెరసాని, అటు గోదావరి, దాటితే భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, ఆపైన ఛత్తీస్‌గఢ్ అడవి. (భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేవి. 2014లో పోలవరం ముంపు మండలాలు మళ్ళీ ఆంధ్రాకి వెళ్ళాయి. ఈ అడవి జిల్లాలు మారినన్నిసార్లు మావాళ్ళు ఇళ్ళు కూడా మారలేదు.) ఇక్కడ రెండెకరాల చెక్క ఒకటి చూపించి, ఇది అడవా, పోడా, జామాయిల్ తోటా అని అడిగితే, వచ్చే జవాబు మీద ఒక ఇంటి తిండి ఆధారపడి ఉంటుంది. ఆ జవాబు చెప్పేవాటిలో పైనుంచి ఉపగ్రహం తీసిన బొమ్మ కూడా ఒకటి. మామూలు జనానికి అది బొమ్మ. మనకి మాత్రం అదొక బైట్ల అర్రే.

ముందు ఆ బైటు సంగతి చూద్దాం. ఎనిమిది బిట్లు, 256 రకాల అమరికలు. వాటిని 0 నుంచి 255 దాకా అని చదువుకోవచ్చు. లేదా సగాన్ని మైనస్‌కి కేటాయించి -128 నుంచి 127 దాకా అని చదువుకోవచ్చు. 127 వరకూ రెండు లెక్కలూ ఒకటే. అది దాటాక మాత్రం రెండో లెక్కలో 256 తగ్గిపోతుంది, అంటే 128 కాస్తా -128 అవుతుంది, 200 కాస్తా -56 అవుతుంది. గమనించాల్సింది ఏంటంటే బిట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫైలులో ఏమీ మారదు. చదివేవాడి తీరు మారుతుంది, అంతే.

బైటు అనే మాటని 1956లో ఐబీఎంలో వెర్నర్ బుక్‌హోల్జ్ పుట్టించాడు. అప్పట్లో దానికి ఇన్ని బిట్లని ఖాయం లేదు. 1964లో ఐబీఎం సిస్టం/360 వచ్చాక ఎనిమిది అని స్థిరపడిపోయింది. ఆ మెషీన్లో అక్షరాలకి వాడిన ఎబ్సిడిక్ కోడులో అక్షరాలూ అంకెలూ అన్నీ 128కి పైనే. కాబట్టి బైటుని రిజిస్టరులోకి తెస్తే గుర్తు లేకుండా, ఉన్నదున్నట్టు వచ్చేది. 1970లో డిజిటల్ కంపెనీ పీడీపీ-11 తెచ్చింది. అందులో బైటుని రిజిస్టరులోకి ఎక్కించే ఇన్‌స్ట్రక్షను, ఎనిమిదో బిట్టు 1 అయితే పైన ఉన్న బిట్లన్నిటినీ 1లతో నింపేసేది. అంటే మైనస్ అని అనుకునేది. దీన్నే సైన్ ఎక్స్‌టెన్షన్ అంటారు. డెన్నిస్ రిచీ సీ భాషని పెంచి పెద్ద చేసింది ఈ పీడీపీ-11 మీదే. మెషీను అలా చేస్తోంటే దానికి ఎదురెళ్ళి ప్రతిసారీ మాస్కు వెయ్యడం వృథా ఖర్చు కాబట్టి, అక్కడి సీలో క్యారెక్టరుకి గుర్తు ఉండిపోయింది. 1978లో వచ్చిన కెర్నిగన్, రిచీల పుస్తకంలో కూడా క్యారెక్టరుకి గుర్తు ఉంటుందో ఉండదో మెషీన్ని బట్టి అని వదిలేశారు. ఆ వదిలేసింది ఈరోజుకీ వదిలేసినట్టే ఉంది. మీ ఇంటెల్ ల్యాప్‌టాపులో సీ క్యారెక్టరు మామూలుగా సైన్డ్. ఆర్మ్ చిప్పు మీద లైనక్సులో అన్‌సైన్డ్, ఎందుకంటే తొలితరం ఆర్మ్‌లో బైటుని గుర్తుతో సహా ఎక్కించే ఇన్‌స్ట్రక్షనే లేదు.

ఇన్నేళ్ళు ఇది ఎవర్నీ పెద్దగా ఎందుకు ఇబ్బంది పెట్టలేదంటే, ఇంగ్లీషు ఆస్కీ ఏడు బిట్లే. 0 నుంచి 127. ఎనిమిదో బిట్టు ఖాళీగా పడుకుని ఉండేది. ఇబ్బంది పడ్డవాళ్ళు మనలాంటివాళ్ళం. భారతీయ లిపుల కోసం 1991లో ప్రమాణం చేసిన ఇస్కీలో తెలుగు అక్షరాలన్నీ 160కి పైన కూర్చున్నాయి. అంటే సైన్డ్ క్యారెక్టరులో మన అఆఇఈలన్నీ మైనస్సులే. ఇప్పటి యూటీఎఫ్-8 లోనూ అంతే. "అ" అనే అక్షరాన్ని జావాలో బైట్లుగా విడగొట్టి చూడండి, -32, -80, -123 వస్తాయి. తెలుగు అక్షరం ఏదైనా సరే, మూడు బైట్లూ మైనస్సే. ఆస్కీ దాటి వచ్చినవాడికల్లా ఇదే మర్యాద. సరే, పిక్సెళ్ళ దగ్గరికి వద్దాం.

1996 జనవరిలో జావా 1.0 వచ్చేనాటికి సీలో అన్‌సైన్డ్ అని స్పష్టంగా రాసుకునే వీలు ఎప్పట్నుంచో ఉంది. జేమ్స్ గాస్లింగ్ దాన్ని కావాలనే వదిలేశాడు. అన్‌సైన్డ్ లెక్కల్లో ఏ సందర్భంలో ఏమవుతుందో సీ రాసేవాళ్ళలో చాలామందికి నిజానికి తెలీదనీ, భాష సులువుగా ఉండాలంటే అలాంటివి తీసెయ్యాలనీ ఆయన వాదన. వాదన మొత్తం తప్పని నేననను. ఇంటీజరు విషయంలో అది నిజమే, సైన్డ్, అన్‌సైన్డ్ కలిపి పోల్చి ఊబిలో దిగినవాళ్ళు ఎందరో. కానీ బైటు విషయం వేరు. బైట్లతో ఎవరూ అప్పులూ నష్టాలూ లెక్కెయ్యరు. బైటు వాడేది ఫైలు చదవడానికి, నెట్‌వర్కుకి, బొమ్మలకి. మూడింట్లోనూ 0 నుంచి 255 వరకే కావాలి. ఈ సంగతి జావా లైబ్రరీ రాసినవాళ్ళకీ తెలుసు. ఇన్‌పుట్ స్ట్రీములో ఒక్క బైటు చదివే మెథడు బైటుని కాకుండా ఇంటీజరుని ఇస్తుంది, 0 నుంచి 255, ఫైలు అయిపోతే -1. అంటే సొంత భాషలోని బైటు రకాన్ని సొంత లైబ్రరీయే నమ్మలేదన్నమాట! 2002లో వచ్చిన సీ షార్పులో మైక్రోసాఫ్టు బైటు అంటే 0–255 అని పెట్టి, గుర్తున్నదానికి వేరే పేరిచ్చింది. నా ఓటు దానికే.

1998 డిసెంబరులో జావా 1.2తో పాటు జావా 2డీ వచ్చింది. బొమ్మలోంచి పిక్సెలు విలువ తీసుకోడానికి అందులో రెండు దారులున్నాయి. ఒకటి, రాస్టరుని మర్యాదగా అడగడం. అది 0–255 మధ్య ఇంటీజరు ఇస్తుంది, మాస్కు అదే వేసుకుంటుంది. రెండోది, లోపలున్న బైట్ల అర్రేని నేరుగా లాక్కోవడం. ఇందులో మాస్కు మన బాధ్యత. మొదటిది ఉండగా రెండోదెందుకు అంటారా? వేగం కోసం. మన లిస్-3 కెమెరా తీసే పట్టీ వెడల్పు 141 కిలోమీటర్లు, పిక్సెలు 23.5 మీటర్లు. అడ్డంగా 6000 పిక్సెళ్ళు, నిలువుగా కూడా అంతే అనుకుంటే ఒక్కో బ్యాండుకి 3 కోట్ల 60 లక్షలు. ఒక్కో పిక్సెలుకీ ఒక్కో మెథడుని పిలవాలంటే ఎవరికైనా చెయ్యి అర్రే మీదికే పోతుంది. ఉపగ్రహ చిత్రాల రంగంలో అందరూ వాడే జీడాల్ లైబ్రరీలో బైటు అంటే మొదట్నించీ అన్‌సైన్డే, గుర్తున్న ఎనిమిది బిట్లకి ప్రత్యేకంగా ఒక రకం పెట్టింది 2023లో. అంత శుభ్రమైన లైబ్రరీని కూడా జావాలోంచి పిలిచి బైట్ల అర్రేలో నింపుకుంటే చేతికొచ్చేవి మైనస్సులే. తప్పు వాళ్ళది కాదు, పాత్రది.

ఇక పైనున్నవాటి కథ. 1972 జూలైలో అమెరికా ఈఆర్‌టీఎస్-1 అనే ఉపగ్రహాన్ని పంపింది, తర్వాత దానికే ల్యాండ్‌శాట్-1 అని పేరు పెట్టారు. అందులో ఎంఎస్ఎస్ స్కానరు వెలుగుని ఆరు బిట్లలో, అంటే 64 మెట్లలో కొలిచేది. మన హైదరాబాదులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974లో మొదలైంది (2008 నుంచి ఎన్ఆర్ఎస్‌సీ, ఇస్రోలో భాగం). 1979లో షాద్‌నగర్ దగ్గర పెట్టిన యాంటెన్నాలతో ల్యాండ్‌శాట్ డేటా నేరుగా మన నేల మీదే దిగడం మొదలైంది. ఆ బొమ్మల్ని చూసి 1980ల మొదట్లో ఏజెన్సీవాళ్ళు ఒక లెక్క చెప్పారు. దేశంలో అడవి 1972–75లో 16.89 శాతం ఉంటే 1980–82కి 14.10 శాతానికి పడిపోయిందని. పెద్ద గొడవైంది. అటవీశాఖ కాగితాల్లో అడవి దేశంలో ఐదో వంతుకి పైగా ఉండేది మరి. 1981లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987లో తన మొదటి నివేదిక ఇచ్చి 19 శాతం పైచిలుకు అంది. ఒకే దేశం, ఒకే ఉపగ్రహం, రెండు జవాబులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో చేసింది లెక్క కాదు, చూపు. ఉపగ్రహం బొమ్మని పెద్ద ప్రింటు తీసి, కింద లైటున్న బల్ల మీద పరిచి, నిపుణుడు కళ్ళతో చూస్తూ గీతలు గీసేవాడు. పత్రహరితం ఎర్ర వెలుగుని మింగేస్తుంది, ఆకు లోపలి నిర్మాణం నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది. అందుకని ఆ ప్రింట్లలో ఇన్‌ఫ్రారెడ్‌కి ఎరుపు రంగు ఇస్తారు. మా భద్రాచలం అడవి వాటిలో నెత్తురులా ఎర్రగా, గోదావరి నల్లగా కనిపిస్తుంది. కంటికి సైన్ బిట్టు ఉండదు. అందుకని బైటు గొడవ అప్పట్లో పుట్టే సందే లేదు. దేశం మొత్తాన్ని కంప్యూటరు లెక్కతో 1:50,000 స్కేలులో చేసింది 2001 నివేదికకి. కన్ను పోయి కూడికలూ తీసివేతలూ వచ్చింది అప్పుడు.

మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ 1988 మార్చి 17న బైకనూర్ నుంచి వెళ్ళింది. అందులో లిస్-1, లిస్-2 కెమెరాలు ఏడు బిట్లవి. 1991లో 1బీ కూడా అంతే. 1995 డిసెంబరులో వెళ్ళిన 1సీలో లిస్-3 కూడా ఏడు బిట్లే, దాని పాంక్రొమాటిక్ కెమెరా ఆరే. 1997లో 1డీ దాని అన్న లాంటిదే. 2003 అక్టోబరులో వెళ్ళిన రిసోర్స్‌శాట్-1లో కూడా లిస్-3 ఏడు బిట్లు. బిట్లు తగ్గితే కిందకి పంపాల్సిన డేటా తగ్గుతుంది, ఆ సైజు ఉపగ్రహాలకి అది చిన్న లాభం కాదు. ఏడు బిట్లంటే 0 నుంచి 127. అంటే జావా సైన్డ్ బైటులో సరిగ్గా పట్టేంత! 1988 నుంచి 2011లో రిసోర్స్‌శాట్-2 పది బిట్ల లిస్-3తో వచ్చేదాకా, మన లిస్ కెమెరాల ముడి డేటాని మాస్కు వెయ్యని ప్రోగ్రాముకి తినిపించినా అది తప్పు చెప్పదు. ఆస్కీ సంగతే మళ్ళీ. ఎనిమిదో బిట్టు నిద్రలో ఉంటుంది, టెస్టులన్నీ పాసవుతాయి.

అదే ప్రోగ్రాముకి ల్యాండ్‌శాట్ టీఎం డేటా ఇస్తే అప్పుడు లేస్తుంది. 1982లో ల్యాండ్‌శాట్-4తో వచ్చిన థీమాటిక్ మ్యాపరు ఎనిమిది బిట్లు, నిండా 0–255. 2008లో అమెరికా తన ల్యాండ్‌శాట్ ఖజానా మొత్తం ఉచితం చేసింది, దాంతో కుర్రాళ్ళ దగ్గర్నించి ఎన్జీవోల దాకా అందరి చేతికీ వచ్చింది. అసలు ల్యాండ్‌శాట్ దాకా ఎందుకు, మన ఏడు బిట్ల డేటానే తెర మీద కళగా కనపడాలని స్ట్రెచ్ చేస్తాం కదా. 40 నుంచి 110 మధ్య ఉన్నదాన్ని 0–255కి సాగదీస్తే, 90 ఉన్న పచ్చటి పిక్సెలు 182 అవుతుంది. బైటులో పెట్టి చదివితే -74. సరిగ్గా ఎక్కువ పచ్చగా ఉన్నదే మైనస్‌లోకి దిగుతుంది. బీడు నేల, రాళ్ళు, నీళ్ళు క్షేమం. వానాకాలం వెళ్ళగానే ఉండే అడవి, నీరు పెట్టిన వరి.. వీటికే దెబ్బ. పైగా మన అడవి ఆకులు రాల్చే అడవి, టేకూ ఇప్పా ఎండాకాలం వచ్చేసరికి మోడులు. అందుకని అటవీ సర్వేకి అక్టోబరు–డిసెంబరు బొమ్మలే ఎంచుకుంటారు. అంటే పచ్చదనం ఎక్కువుండే నెలల్నే ఏరుకుని మరీ లెక్కేస్తాం.

తప్పు జరిగితే ఎలా బయటపడుతుంది? హిస్టోగ్రాం గీద్దామని పిక్సెలు విలువని ఇండెక్సుగా వాడితే ప్రోగ్రాము వెంటనే చస్తుంది, మైనస్ ఇండెక్సు లేదు కాబట్టి. ఇది అదృష్టం. ఎన్‌డీవీఐ లెక్కేస్తే, అంటే ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపు తీసేసి రెండిటి మొత్తంతో భాగిస్తే, ఇన్‌ఫ్రారెడ్ 140, ఎరుపు 30 ఉన్న పిక్సెలుకి 0.65 రావాలి. 140 కాస్తా -116 అయితే 1.70 వస్తుంది. ఎన్‌డీవీఐ ఒకటి దాటదు కాబట్టి కళ్ళు తెరిచి ఉన్నవాడికి దొరుకుతుంది. (ఒకటి దాటితే ఒకటి చేసెయ్ అని ఎవడో ముందే రాసి ఉంటే దొరకదు.) అసలు ప్రమాదం సగటులో ఉంది. ఉపగ్రహం బొమ్మ వంకరగా వస్తుంది, దాన్ని మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టాలంటే రీశాంప్లింగ్ చెయ్యాలి. బైలీనియర్ పద్ధతిలో చుట్టుపక్కల నాలుగు పిక్సెళ్ళకి బరువులిచ్చి సగటు కడతారు. నాలుగు పిక్సెళ్ళు 120, 126, 130, 136 అనుకోండి, కొత్త పిక్సెలు సరిగ్గా వాటి నడిమధ్యన పడిందనుకోండి. సగటు 128. మాస్కు లేకుండా చేస్తే 130 కాస్తా -126, 136 కాస్తా -120 అవుతాయి. కూడండి. సున్నా! ఏ ఎర్రరూ రాదు, హద్దు దాటలేదు, నిక్షేపంలాంటి సున్నా. ఇన్‌ఫ్రారెడ్‌లో సున్నా అంటే గోదావరి నీళ్ళకన్నా నలుపు. చాలా సాఫ్టువేర్లలో సున్నా అంటే "ఇక్కడ డేటా లేదు" అని అర్థం. చిక్కటి అడవి నది అవుతుంది, లేదా అసలు లేకుండానే పోతుంది.

ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) నేను చూసిన పాత కోడులో ఇంకో రకం వైద్యం ఉంది. మైనస్ విలువలు వస్తున్నాయని ఎవరో గమనించారు, "సున్నాకన్నా తక్కువైతే సున్నా చెయ్యి" అని ఒక్క లైను రాసి టికెట్ మూసేశారు. పక్కన కామెంటు కూడా, నాయిస్ అట! అన్నిటికన్నా వెలుగున్న పిక్సెళ్ళని ఏరి ఏరి నల్లగా మార్చే యంత్రం అది. ఆ బొమ్మలు మందుల డబ్బాల ఫొటోలు కాబట్టి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

పోడు దగ్గర అలా కాదు. కోయలూ కొండరెడ్లూ తరాలుగా చేసుకుంటున్న భూమి, 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత కాగితం మీద ఆక్రమణ అయింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీకి, నాలుగు హెక్టార్లకి మించకుండా, హక్కు ఇవ్వాలంది. మరి ఆ రోజు సాగులో ఉందని రుజువేంటి? పట్టా లేనివాడి దగ్గర కాగితం ఎలా ఉంటుంది? అందుకని పైనుంచి తీసిన బొమ్మ వైపు చూశారు. అధికారులకి అది సులువు, గూడెం గూడెం తిరగక్కర్లేదు. కానీ 2012లో సవరించిన నియమాల్లో, ఉపగ్రహ చిత్రాలు మిగతా ఆధారాలకి తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలో నిలబడకూడదని స్పష్టంగా రాశారు. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా, కేవలం ఉపగ్రహ చిత్రాల్ని పట్టుకుని దరఖాస్తులు కొట్టెయ్యకూడదన్న దారిలోనే తీర్పిచ్చింది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరించిన దరఖాస్తుదారుల్ని ఖాళీ చేయించమంటూ, ఫారెస్ట్ సర్వేవాళ్ళని ఉపగ్రహ సర్వే చేసి ఆక్రమణల లెక్క ముందు పెట్టమంది. అదే నెల 28న ఖాళీ చేయించడాన్ని ఆపింది. ఇటు మా జిల్లాలో 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక ఫారెస్టు రేంజి ఆఫీసరుని చంపేశారు. డ్యూటీలో ఉన్న మనిషి. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల దాకా పోడు పట్టాలిచ్చింది, అందులో భద్రాద్రి కొత్తగూడెం వాటా పెద్దది. ఒక్కో గీతకి ఇరువైపులా ఎంత ఉందో చూడండి.

పిక్సెలు లెక్కలో చెప్తాను. లిస్-3 పిక్సెలు ఒకటి ఐదున్నర గుంటలు. ల్యాండ్‌శాట్ టీఎంది తొమ్మిది గుంటలకి కాస్త తక్కువ. 1988 నాటి లిస్-1ది ఏకంగా ఎకరం పన్నెండు గుంటలు, ఒకాయన పోడు మొత్తం ఒక్క చుక్క. రెండెకరాల చతురస్రం లిస్-3లో పక్కకి నాలుగు పిక్సెళ్ళు కూడా పూర్తిగా రాదు. అంచు పిక్సెళ్ళలో సగం పొలం, సగం పక్కనున్న అడవి. అవి తీసేస్తే లోపల నికరంగా పొలం అనదగ్గవి కొద్దిగానే. రీశాంప్లింగులో ఆ కొన్నీ చుట్టుపక్కలవాటితో కలిసి సగటవుతాయి. అలాంటి చోట సగటు చేసే లైనులో 255 మాస్కు ఉందా లేదా అన్నది సాంకేతిక విషయం అని నేననుకోను. ఏ దరఖాస్తు ఇలా పోయిందని నేను చెప్పడం లేదు, చెప్పేది ఆ గీతకున్న సన్నదనం గురించి.

మాస్కు సరిగ్గా వేసినా తీరని సమస్యలు ఉన్నాయనుకోండి. మా నాన్న దోస్తు ఒకాయన ఉన్నాడు, బూర్గంపాడు అవతల గూడెం, నేను బాబాయ్ అంటాను. పోయిన దసరాకి కలిసినప్పుడు "అరే, ఆ పైన్నుంచి తీసిన ఫోటోలో మా ఇప్పచెట్టు కింద నేనేసిన జొన్న కనపడుద్దంట్రా?" అని అడిగాడు. "కనపడదు బాబాయ్, చెట్టే కనపడుద్ది" అన్నాను. కోయలు పోడు కొట్టినా ఇప్పచెట్టుని ముట్టుకోరు, పువ్వూ నూనె రెండూ కావాలి కదా. ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారుకి తగ్గని నేల మీద కొమ్మల నీడ పది శాతం ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణం. అది ఎవరిదన్నది చూడరు. ఆ లెక్కన సారపాక కాగితం మిల్లు కోసం పెంచే జామాయిల్, సుబాబుల్ తోటలూ అడవే. బాబాయి పొలంలో ఇప్పచెట్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటే అదీ అడవే. "అయితే చెట్టు ఉంచినందుకు నా మీదికే వస్తదా" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు, ఇది ఏ బిట్టులోనూ లేని సమస్య.

బిట్టులో ఉన్నదానికి మాత్రం మందు చవకే. బైటుని లెక్కలోకి తీసుకునే ప్రతిచోటా (బైటు & 255). జావా ముందు బైటుని ఇంటీజరు చేస్తుంది, మైనస్ అయితే పైన 24 బిట్లు 1లతో నిండుతాయి, ఆండ్ వాటిని తుడిచేసి కింది ఎనిమిదిని ఉంచుతుంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి ఇదే పని చేసే మెథడు బైటు క్లాసులోనే ఉంది, కోడు చదివేవాడికి ఉద్దేశం తెలుస్తుంది కాబట్టి నాకదే ఇష్టం. నాలుగు బైట్లు కలిపిన రంగులోంచి ఆల్ఫాని కిందికి దించేటప్పుడు >> కాదు, >>> వాడాలి, లేదా దించాక మాస్కు వెయ్యాలి. తిరిగి బైటులో పెట్టేముందు 0–255 మధ్య బిగించాలి, లేకపోతే 260 వచ్చి 4 అయిపోతుంది. టెస్టుకి అందమైన ఫొటో వాడకండి. 0, 1, 126, 127, 128, 129, 254, 255.. ఈ ఎనిమిది పిక్సెళ్ళ బొమ్మ ఒకటి చేసుకుని, సగటు చేసే ప్రతి ఫంక్షనునీ దాని మీద నడపండి. ఏడు బిట్ల పాత డేటాతో పాసైతే పాసైనట్టు కాదు.

ఇక ఈ కథ ఎనిమిదో బిట్టుతో అయిపోయిందనుకుంటే పొరపాటు. రిసోర్స్‌శాట్-2 లిస్-3 పది బిట్లు, 0 నుంచి 1023. ఒక బైటులో పట్టదు కాబట్టి రెండు బైట్ల షార్టులో పెడతాం. జావా షార్టు -32768 నుంచి 32767, పది బిట్లు హాయిగా పడతాయి, మాస్కు మర్చిపోయినా ఏమీ కాదు. 2013 ఫిబ్రవరిలో వెళ్ళిన ల్యాండ్‌శాట్-8 పన్నెండు బిట్లలో కొలుస్తుంది గానీ, మనకిచ్చే ఫైలులో దాన్ని పదహారు బిట్లకి సాగదీసి, గుర్తు లేకుండా ఇస్తారు. మళ్ళీ అదే వరస, మనవాటితో నిద్ర, బయటివాటితో మెలకువ. ఈసారి నేల విలువలు మామూలుగా 32767 లోపే ఉంటాయి కాబట్టి అడవి బతికిపోయింది. అది దాటేవి దట్టమైన మేఘాలు. "బాగా తెల్లగా ఉంటే మబ్బు, వదిలెయ్" అనే షరతుకి ఆ మబ్బు మైనస్‌గా కనిపిస్తుంది, వదలకుండా లెక్కలోకి తీసేసుకుంటుంది. ఇక్కడ వెయ్యాల్సిన మాస్కు 65535. జూలై, ఆగస్టుల్లో భద్రాచలం మీద బొమ్మ తీసినవాళ్ళకి ఎన్ని మబ్బులుంటాయో చెప్పక్కర్లేదు.